సంతకం పెట్టడానికి పది సెకన్లు, తీయించుకోవడానికి ఏడు వారాలు

ముందే చెప్తున్నా, ఇందులో తప్పు చేసింది నేనే, కాబట్టి ఎవర్నీ తిట్టడానికి రాయట్లేదు. అమెరికాలో మన ఊరి లైబ్రరీ బోర్డు దగ్గర ఒక గొడవ నడిస్తే అసలు పని ఎలా జరుగుతుందో నాకు నలభై మూడేళ్ళొచ్చేదాకా తెలీదు, తెలుసుకున్న తీరు మాత్రం కొంచెం సిగ్గుగా ఉంటుంది.

2024 మే చివరి శుక్రవారం. ఆఫీసు కాల్‌లో కెమెరా ఆపేసి కూర్చున్నా. మా కమ్యూనిటీ వాట్సాప్ గ్రూపులో ఫార్వర్డ్ ఒకటి, "మన లైబ్రరీలో జూన్ 15న ఆడవేషం వేసుకున్న మగాళ్ళతో పిల్లలకి కథలు చదివిస్తున్నారంట, ఇప్పుడు ఆపకపోతే ఇంకెప్పుడు, అందరూ సైన్ చెయ్యండి" అని, కింద లింకు. ఇలా ఆడవేషం కట్టడాన్ని ఇక్కడ డ్రాగ్ అంటారు. అప్పటికే ముప్పై నలభై మంది దండం బొమ్మలు పెట్టేశారు. మా పాపకి ఆరేళ్ళు. నేనూ ఒక తండ్రినే కదా అనుకున్నా, లింకు నొక్కా, పేరు, ఊరు, జిప్ కోడ్ కొట్టా, అయిపోయింది. పది సెకన్లు కూడా పట్టలేదు. కాల్‌లో నన్నేదో అడిగితే "కెన్ యూ రిపీట్" అన్నాను కూడా.

మేముండేది షికాగోకి పడమటి వైపు ఒక సబర్బ్, అరోరా బాలాజీ గుడికి కార్లో అరగంట. శనివారం పొద్దున పదింటి నుంచి పన్నెండు దాకా లైబ్రరీ మీటింగ్ రూములో పిల్లలకి తెలుగు చెప్తాం, ఇరవై రెండు మంది పిల్లలు, నలుగురం టీచర్లం, అందులో ముగ్గురికి ఱ రాయడం సరిగ్గా రాదు. లాభాపేక్ష లేని గ్రూపు కాబట్టి రూము ఉచితం. కుర్చీలు మనమే వేసుకోవాలి, మనమే తీసెయ్యాలి. ఇదెందుకు చెప్తున్నానో తర్వాత అర్థమవుతుంది.

రెండు వారాలు ఆ సంగతే మర్చిపోయా. జూన్ 14 రాత్రి మా తెలుగు క్లాసు టీచర్లలో వరంగల్ తమ్ముడొకాయన ఫోన్ చేసి "అన్నా, బోర్డు మీటింగ్ ప్యాకెట్ చూసినవా, నీ పేరున్నది" అన్నాడు. ప్యాకెట్ ఏంటి అన్నా. ఇల్లినాయిలో ఓపెన్ మీటింగ్స్ చట్టం ప్రకారం ఇలాంటి బోర్డులు రెగ్యులర్ మీటింగ్‌కి కనీసం 48 గంటల ముందు ఎజెండా బయటపెట్టాలి. మా లైబ్రరీ వాళ్ళు ఎజెండాతో పాటు బోర్డుకి వచ్చిన కాగితాలన్నీ ఒకే పీడీఎఫ్‌గా వెబ్‌సైట్లో పెడతారు. తెరిచి చూస్తే పిటిషన్ మొత్తం ప్రింట్ తీసి ఇచ్చినట్టున్నారు, 143వ నంబర్ దగ్గర నా పేరు, ఊరు. గూగుల్లో కొడితే వచ్చేలా.

సరే పేరుంటే ఉంది, నేను పెట్టిందే కదా అనుకుని అప్పుడు మొదటిసారి పిటిషన్ పూర్తిగా చదివా. రెండు డిమాండ్లు. ఒకటి ఆ కథల ప్రోగ్రాం రద్దు చెయ్యాలి. రెండోది, పాలసీ మార్చేదాకా "ప్రత్యేక వర్గాలకి, సంస్కృతులకి, గుర్తింపులకి సంబంధించిన" పిల్లల కార్యక్రమాలేవీ లైబ్రరీ ఆవరణలో జరగకూడదు, బయట గ్రూపులవి కూడా. బయట గ్రూపు అంటే ఎవరు? మేమే. సంస్కృతి అంటే? అదీ మేమే. మా తెలుగు క్లాసు మూసెయ్యమని నేనే సంతకం పెట్టి ఇచ్చాను అన్నమాట. మా ఆవిడకి చెప్తే నవ్వి నవ్వి మంచినీళ్ళు తాగాల్సొచ్చింది, తర్వాత నవ్వు ఆపి "మీ నాన్నకి మాత్రం చెప్పకు" అంది.

నాన్న అప్పుడు మాతోనే ఉన్నాడు, విజిటర్ వీసా మీద, డెబ్బై నాలుగేళ్ళు, మాది కూచిపూడికి దగ్గర్లోనే, మొవ్వ వైపు. ఆయనకి చెప్పకుండా దాచడం మా వల్ల కాలేదు, ఎందుకంటే మర్నాడే జూన్ 15, మా క్లాసూ ఆ ప్రోగ్రామూ ఒకే రోజు, ఒకే అంతస్తు, మధ్యలో ఒక గోడ.

పొద్దున వెళ్ళేసరికి పార్కింగ్‌లో పోలీసు కారు రెండు, పేవ్‌మెంట్ మీద అటు పాతిక మంది బోర్డులు పట్టుకుని, ఇటు పాతిక మంది రంగుల గొడుగులు పట్టుకుని. ఇద్దరూ పాటలే పాడుతున్నారు, ఒకళ్ళవి ఒకళ్ళకి వినపడకుండా. మా పిల్లలు అక్షరాల పలకలు పట్టుకుని మధ్యలోంచి నడుచుకుంటూ వెళ్తుంటే రెండు వైపుల వాళ్ళూ చేతులూపారు. పాపకి అది బర్త్‌డే పార్టీలా ఉంది. నాకు మాత్రం కడుపులో గాభరా. 2022 జూన్‌లో కాలిఫోర్నియాలో శాన్ లొరెంజో లైబ్రరీలో ఇలాంటి కథల టైములోనే ప్రౌడ్ బాయ్స్ అనే గుంపు లోపలికి దూసుకొచ్చి పిల్లల ముందే అరిచిన సంగతి ఆ ముందు రాత్రి చదివి ఉన్నా, చదవకుండా ఉంటే బాగుండేది.

పదకొండింటికి పక్క రూములో మొదలైంది. నాన్న "చూసొద్దాం పద" అన్నాడు. నేను సంతకం పెట్టినవాణ్ణి కదా, వెళ్తే ఎవరన్నా గుర్తుపడతారేమో అని ఒక పక్క, చూడకుండా సంతకం పెట్టావు కనీసం ఇప్పుడన్నా చూడు అని ఇంకో పక్క. వెళ్ళాం, వెనక నిలబడ్డాం, పాప ముందుకెళ్ళి తివాచీ మీద కూర్చుంది. చూసింది చూసినట్టు చెప్తా: పొడుగాటి మనిషి, పసుపు గౌను, నెత్తి మీద ఎత్తైన విగ్గు, కనురెప్పలకి అట్టలంత పెట్టుడు వెంట్రుకలు, మెడ నుంచి పాదాల దాకా కప్పే బట్టలే. మూడు బొమ్మల పుస్తకాలు చదివింది (చదివాడు? అక్కడున్న లైబ్రేరియన్ "షీ" అంది కాబట్టి నేనూ అలాగే అంటున్నా). ఒకటి కప్ప గురించి, ఒకటి వానలో గొడుగు పోగొట్టుకున్న పిల్ల గురించి, మూడోది నాకు గుర్తు లేదు ఎందుకంటే అప్పుడు ఒక బాబు ఏడుస్తున్నాడు. మధ్యలో చేతులు తట్టే పాట. మొత్తం ఇరవై ఐదు నిమిషాలు. మా పాప ఒకే ప్రశ్న అడిగింది, "ఆ చెప్పులు నొప్పి పెట్టవా" అని. "చాలా పెడతాయి" అంది ఆవిడ, ఆ రోజంతటిలో అందరూ ఒప్పుకున్న మాట అదొక్కటే అనుకుంటా.

నాన్న ఏమంటాడా అని చూస్తున్నా. "వేషం బానే కట్టాడు కానీ నడక రాలా" అన్నాడు. ఆ తర్వాత కారెక్కాక ఇంటిదాకా కూచిపూడిలో ఆడవేషాలకి పేరుపడ్డ వేదాంతం సత్యనారాయణ శర్మ గారి సత్యభామే. తెర మీదుగా ముందు జడ మాత్రం పడుతుందిట, మనిషి కనపడడు, ఆ జడ చూసే జనం సర్దుకు కూర్చునేవాళ్ళుట. 1970లో పద్మశ్రీ ఇచ్చారు ఆయనకి. అంతకుముందు స్థానం నరసింహారావు గారికి 1956లోనే వచ్చింది, నాటకాల్లో ఆడవేషాలకి. నాన్న చిన్నప్పుడు సంక్రాంతికి పగటివేషాల వాళ్ళొచ్చి ఒక పక్క మీసం ఒక పక్క కాటుకతో అర్ధనారీశ్వర వేషం వేస్తే పిల్లలంతా వెనకాలే ఊరంతా తిరిగేవాళ్ళుట, ఎవరూ పిటిషన్ పెట్టలేదు.

అప్పుడు నా బుర్రలో బల్బు వెలిగింది. బోర్డు మీటింగ్‌కి వెళ్ళి ఇదే చెప్తా, మా దేశంలో మగవాళ్ళు ఆడవేషం వెయ్యడం గొప్ప కళ, మీకిప్పుడు తెలిసింది అని. నాన్నతో అంటే ఆయన మొహం మాడ్చాడు. "అది వేరు ఇది వేరురా. అది శాస్త్రం, నియమం, ఆడవాళ్ళని స్టేజి ఎక్కనివ్వని రోజుల్లో మగవాళ్ళు వేశారు. ఇక్కడ ఆడవాళ్ళని ఎవరాపారు?" పాయింటే. కూచిపూడిలో ఆడపిల్లలకి నేర్పడం మొదలై వెంపటి చినసత్యం గారి లాంటివాళ్ళ వల్ల అది ఊరు దాటింది, ఇప్పుడు షికాగోలో కూచిపూడి నేర్చుకునేవాళ్ళలో మగపిల్లాణ్ణి వెతుక్కోవాలి. డ్రాగ్ ఇక్కడ పెరిగింది వేరే దారిలో, క్లబ్బుల్లో, గే కమ్యూనిటీలో, ఆడతనాన్ని కావాలని పెద్దది చేసి చూపించే స్టేజి వేషం. నాన్న ఇంకోటి కూడా అడిగాడు, వీళ్ళు ట్రాన్స్‌జెండర్లా అని. అక్కర్లేదు, ఇది షో అయ్యాక తీసేసే వేషం, అది మనిషి తనెవరన్న విషయం, ఒకే మనిషి రెండూ అయ్యుండొచ్చు, కాకపోవచ్చు అన్నాను, అంతకంటే నాకూ తెలీదు. ఆయన "సర్లే" అన్నాడు. నాన్న మాట విని ఆ ఐడియా వదిలెయ్యాల్సింది. వదల్లేదు.

జూన్ 18, మంగళవారం రాత్రి ఏడింటికి మీటింగ్. మాటలాడాలంటే ముందు టేబుల్ దగ్గర చిన్న కార్డు మీద పేరు రాసివ్వాలి. ఒక్కొక్కళ్ళకి మూడు నిమిషాలు. మైకు పక్కన ట్రాఫిక్ లైటులా బుల్లి పెట్టె, ఆకుపచ్చ, ముప్పై సెకన్లుందనగా పసుపు, తర్వాత ఎరుపు. ఏడుగురు ట్రస్టీలు ఎదురుగా కూర్చుంటారు, ఎన్నికైనవాళ్ళు, జీతం లేదు, మన మాటకి జవాబివ్వరు. వింటారు, రాసుకుంటారు, "థాంక్యూ" అంటారు. నాకు మొదట కోపమొచ్చింది ఏంటిది గోడకి చెప్పినట్టు అని, తర్వాత పక్కాయన చెప్పాడు పబ్లిక్ కామెంట్ అంటే అంతే, చర్చ వాళ్ళ మధ్యన ఎజెండా అంశం వచ్చినప్పుడు జరుగుతుంది అని. ఆ రాత్రి నలభై ఒక్క కార్డులు. నాది ముప్పై ఆరు.

వ్యతిరేకించినవాళ్ళంతా కొమ్ములున్నవాళ్ళు కాదు, ఇది చెప్పాలి. ఒక పెద్దావిడ, స్కూల్లో రిటైరైన టీచరుట, "నాకు ఆ మనుషుల మీద ద్వేషం లేదు, కానీ ఇది రాత్రి బార్లలో పెద్దవాళ్ళ కోసం పుట్టిన షో, ఐదేళ్ళ పిల్లలకి ఎందుకు తేవాలి, మామూలు మనిషి మామూలు బట్టల్లో చదివితే కథ వినపడదా" అంది. దీనికి ఎగతాళి జవాబులు చాలా విన్నాను గానీ నాకు మాత్రం అది అడగదగ్గ ప్రశ్నే అనిపించింది. ఒక తండ్రి లేచి, రాత్రి బార్లో జోకులు చెప్పే కమెడియన్ పగలు పిల్లల సినిమాకి గొంతు ఇవ్వట్లేదా, ఏ షోకి ఆ షో వేరు అన్నాడు. అదీ నిజమే. నేనైతే జాతరల్లో రికార్డింగ్ డాన్సులు నాన్న భుజాల మీద కూర్చుని చూసినవాణ్ణి, నా పిల్లకి ఇరవై ఐదు నిమిషాల కప్ప కథ ఎక్కువైందని గొడవ చెయ్యడానికి నాకు నోరెలా వస్తుంది.

"మా పన్నుల డబ్బుతో" అని చాలామంది అన్నారు. తర్వాత చర్చలో తెలిసింది ఏంటంటే కథ చదివినావిడకి ఇచ్చింది విరాళాల డబ్బు, రూమూ లైబ్రేరియన్ జీతమూ మాత్రం పన్నులదే. ఇద్దరూ సగం సగం రైటు.

నా వంతు వచ్చింది. మూడు పేజీలు రాసుకెళ్ళా. కూచిపూడికి ఆద్యుడనే సిద్ధేంద్ర యోగి దగ్గర మొదలుపెట్టా. కృష్ణా జిల్లా ఎక్కడుందో చెప్పా. జడ దగ్గరికొచ్చేసరికి పసుపు. సత్యనారాయణ శర్మ గారి పేరు అచ్చంగా పలకాలని నెమ్మదిగా చెప్తుంటే ఎరుపు. అంతే. "థాంక్యూ సర్." సంతకం మాటే ఎత్తలేదు. తెలుగు క్లాసు మాటే ఎత్తలేదు. కూర్చున్నాక వెనక నుంచి ఒకాయన తన పక్కావిడతో "ఈయన ఏ సైడు?" అని అడగడం స్పష్టంగా వినపడింది.

పాలసీ అంశం ఆ రోజు తేలలేదు, లాయరు సలహా తీసుకుని జూలైలో చూద్దాం అని వాయిదా వేశారు. మర్నాడు బోర్డు సెక్రటరీకి మెయిల్ పెట్టా, పిటిషన్‌లోంచి నా పేరు తీసెయ్యండి అని. మర్యాదగా జవాబొచ్చింది: పిటిషన్ లైబ్రరీది కాదు, మాకు అందిన కాగితం అందినట్టే రికార్డులో ఉంటుంది, మేం దిద్దలేం, మీరు వెనక్కి తీసుకుంటున్నట్టు రాసిస్తే అదీ రికార్డులో పెడతాం, లేదా మీటింగ్‌లో చెప్పండి. పిటిషన్ పెట్టినాయనకి ఫోన్ చేశా, మనవాడే, మంచివాడే. "అన్నా, ఆన్‌లైన్‌లో తీసేసుకో, ప్రింట్ అయిపోయింది కదా నేనేం చెయ్యను" అన్నాడు. రెండో డిమాండు మన క్లాసుకి తగులుతుంది కదా అంటే కాసేపు మాట్లాడలేదు. వేరే ఊళ్ళో వాడిన లెటర్ని ఊరి పేరు మార్చి వాడాడట. ఆయనా చదవలేదు!

ఆ నెల రోజులూ రాత్రుళ్ళు పిల్ల పడుకున్నాక చదివా. ఈ కథల ప్రోగ్రాం 2015లో శాన్‌ఫ్రాన్సిస్కోలో మిషెల్ టీ అనే రచయిత్రి మొదలుపెట్టింది. మోంటానాలో 2023లో ఏకంగా పబ్లిక్ స్కూళ్ళలో లైబ్రరీల్లో డ్రాగ్ కథలు చెప్పించడాన్నే నిషేధిస్తూ చట్టం చేస్తే ఫెడరల్ జడ్జి దాని అమలు ఆపాడు. టెనెసీలో డ్రాగ్ షోల మీద ఆంక్షలు పెడుతూ గవర్నర్ బిల్ లీ 2023 మార్చిలో సంతకం పెట్టిన చట్టాన్ని జూన్‌లో జడ్జి కొట్టేశాడు, మా రెండో మీటింగ్ జరిగిన ఆ జూలైలోనే అప్పీల్ కోర్టు ఆ తీర్పుని తిప్పేసింది, దావా వేసినవాళ్ళకి వేసే అర్హత నిరూపణ కాలేదని, చట్టం మంచిదా చెడ్డదా అన్న జోలికి పోకుండానే. మా ఇల్లినాయిలో గవర్నర్ ప్రిట్జ్‌కర్ 2023 జూన్‌లో తెచ్చిన చట్టం ఒకటుంది, పుస్తకాలు నిషేధించే లైబ్రరీలకి రాష్ట్ర గ్రాంట్లు రావని. మీటింగ్‌లో చాలామంది అదే ఈ గొడవకి జవాబన్నట్టు ఊపారు గానీ అది పుస్తకాల గురించి, ప్రోగ్రాముల గురించి కాదు. జూలై మీటింగ్‌లో లాయరు ఆ ముక్క చెప్పేసరికి ఒక వైపు చప్పట్లు ఆగిపోయాయి.

నాకు బాగా పట్టింది రూము సంగతి. లైబ్రరీ తనే ఏర్పాటు చేసే ప్రోగ్రాం వేరు, అందులో ఏం పెట్టాలో ఏం పెట్టకూడదో వాళ్ళ ఇష్టం చాలావరకు. బయటి గ్రూపులకి రూము ఇవ్వడం వేరు. ఒకసారి జనానికి తెరిచాక నీ అభిప్రాయం నచ్చలేదు కాబట్టి నీకివ్వను అనడానికి లేదు, అమెరికా రాజ్యాంగంలో మాట స్వేచ్ఛని కాపాడే ఫస్ట్ అమెండ్‌మెంట్ అడ్డొస్తుంది, ఇస్తే అందరికీ ఒకే రూలు, లేదా అందరికీ మూసెయ్. అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్ 1939 నుంచి పెట్టుకున్న హక్కుల పత్రంలో ఆరో అంశం కూడా రూముల గురించి దాదాపు ఇదే చెప్తుంది. తమాషా ఏంటంటే ఈ రూలు రెండో వైపు వాళ్ళకీ పనికొచ్చింది, డ్రాగ్ కథలకి వ్యతిరేకంగా క్రైస్తవ విలువల పిల్లల పుస్తకం చదువుతానన్న నటుడు కిర్క్ కామెరాన్ 2022 చివర్లో ఇండియానాపొలిస్ లైబ్రరీలో రూము తీసుకునే చదివాడు, జనం కిక్కిరిసిపోయారు. మా వాట్సాప్ గ్రూపులో ఈ రూము సంగతి రాస్తే "అన్నా నువ్వు అటు చేరిపోయావా" అని ఇద్దరు, "మరి మన క్లాసు?" అని ఆరుగురు, మిగతావాళ్ళు మామిడిపళ్ళ ఆర్డర్ గురించి.

జూలై 16. ఈసారి కాగితం లేదు. "నా పేరు పిటిషన్‌లో 143వ నంబరు. చదవకుండా పెట్టాను, వెనక్కి తీసుకుంటున్నా. ఇందులో రెండో డిమాండు ఒప్పుకుంటే ప్రతి శనివారం ఆ గది అవతల నా కూతురు నేర్చుకునే తెలుగు క్లాసు మూతపడుతుంది. ఆ ప్రోగ్రాం నేను చూశాను, నా కూతురు చెప్పుల గురించి అడిగింది. నచ్చనివాళ్ళు పిల్లల్ని తీసుకురాకపోతే సరిపోతుంది, నేను కూడా మళ్ళీ తీసుకెళ్తానో లేదో తెలీదు." అంతే. ఆకుపచ్చ లైటు అలాగే ఉంది. నలభై సెకన్లు పట్టిందని మా ఆవిడ లెక్కపెట్టింది. వెనకాయన ఈసారి ఏమీ అడగలేదు.

ఓటింగ్ పదిన్నరకి అయింది. ప్రోగ్రాములు ఆపాలన్న తీర్మానం 4-3 తేడాతో ఓడింది. దాని బదులు రెండు చిన్న మార్పులు ఒప్పుకున్నారు: బయటి గ్రూపులు తమ కరపత్రం మీద ఇది లైబ్రరీ ప్రోగ్రాం కాదు అని ఒక లైను వెయ్యాలి, ఏ ప్రోగ్రాం మీదైనా సరే ఎవరైనా అభ్యంతరం చెప్పడానికి ఒక ఫారం పెట్టాలి, అందరికీ అదే ఫారం. పిటిషన్ పెట్టినాయన పార్కింగ్‌లో కలిసి చెయ్యిచ్చాడు, వాళ్ళబ్బాయి ఆగస్టు నుంచి మా క్లాసుకే వస్తున్నాడు. నా పేరు ఇప్పటికీ ఆ పీడీఎఫ్‌లో 143 దగ్గరే ఉంది, వెనక్కి తీసుకున్న ఉత్తరం తర్వాతి నెల ప్యాకెట్లో 9వ పేజీలో ఉంది, గూగుల్లో మొదటిదే ముందొస్తుంది.

ఫారం పెట్టిన మూడో వారానికే మొదటి అభ్యంతరం వచ్చిందని లైబ్రరీ నుంచి మెయిల్. డ్రాగ్ మీద కాదు, మా మీద. శనివారం పొద్దున ఇరవై మంది పిల్లలు ఏదో భాషలో కోరస్‌గా అరుస్తున్నారు, పక్క గదిలో చదువుకోవడం కుదరట్లేదు అని. రాసినాయన తప్పేం లేదు, నాన్న క్లాసుకి వచ్చినప్పటి నుంచి పద్యం గొంతెత్తి చదవాలని పట్టు. ఫారంకి జవాబు రాశా, గొంతు తగ్గిస్తాం అని. పిల్లల చేత వేమన పద్యం గుసగుసగా చెప్పించడం ఎంత కష్టమో మీరే ఒకసారి ప్రయత్నించి చూడండి, "విశ్వదాభిరామ" దగ్గరికి రాగానే ఎవరో ఒకరు ఆగలేరు.